పర్వతం ఎప్పుడు లేచిందో అవక్షేప శిలల నుంచి తేల్చడం ఎలా: హిమాలయాల ఉదాహరణ

ఎవరెస్ట్ శిఖరాగ్రాన ఉన్నది సముద్రపు సున్నపురాయి. 45 కోట్ల ఏళ్లకు పైబడిన ఆర్డోవీసియన్ కాలంలో, వెచ్చని నిస్సార సముద్రం అడుగున పేరుకున్న ఆ రాతిలో ట్రైలోబైట్లు, క్రైనాయిడ్లు వంటి జలచరాల ముక్కలు నేటికీ కనిపిస్తాయి. ఈ సంగతి వినగానే చాలామంది హిమాలయాల వయసు కూడా అంతే అనుకుంటారు. రాయి పుట్టిన కాలం వేరు, ఆ రాయి పర్వతంలో భాగమై పైకి వచ్చిన కాలం వేరు. ఈ రెండింటి మధ్య నలభై కోట్ల ఏళ్ల తేడా ఉన్నా ఆశ్చర్యం లేదు. పైగా పర్వతం ఎదుగుతున్నంత కాలం వాన, మంచు, నదులు దాన్ని కోస్తూనే ఉంటాయి కనుక, తన చరిత్రకు సంబంధించిన ఆధారాల్లో ఎక్కువ భాగాన్ని అది తన దగ్గర ఉంచుకోదు. అయితే కోసుకుపోయిన రాయి ఎక్కడికీ పోదు. నదులు దాన్ని ఇసుకగా, బురదగా, గులకరాళ్లుగా మోసుకొచ్చి పర్వతం ముందరి పల్లంలోనూ సముద్రగర్భంలోనూ వరుసగా పేరుస్తాయి. అందువల్ల పర్వతం లేచిన కాలాన్ని నిర్ణయించాలంటే దాని పాదాల దగ్గరి అవక్షేప శిలల నుంచి మొదలుపెట్టాలి. ఆ పని ఏ క్రమంలో చేయాలో, ఎక్కడెక్కడ పొరపడే అవకాశం ఉందో హిమాలయాల ఆధారంగా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ప్రశ్నను సరిగా వేసుకోవాలి

"పైకి లేవడం" అనే మాటలో మూడు వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉంటాయి. సముద్రమట్టంతో పోల్చినప్పుడు నేల ఉపరితలం ఎత్తు పెరగడం ఒకటి. లోపలి రాయి పైకి కదలడం రెండోది. పైనున్న రాయి కోతకు గురై తొలగిపోవడంతో లోపలి రాయి ఉపరితలానికి దగ్గర కావడం మూడోది. రాయి కదిలిన దూరంలోంచి కోతకు పోయిన మందాన్ని తీసివేస్తే మిగిలేదే ఉపరితలం పెరిగిన ఎత్తు. రాయి 5 కిలోమీటర్లు పైకి వచ్చి, అదే కాలంలో 5 కిలోమీటర్ల మందం కోసుకుపోతే, పర్వతం ఎత్తులో ఎలాంటి మార్పూ ఉండదు. కానీ పల్లంలో మాత్రం అవక్షేపం గుట్టలుగా చేరుతుంది. ఫిలిప్ ఇంగ్లండ్, పీటర్ మోల్నార్ 1990లో ఈ తేడాను స్పష్టంగా విడమరిచి చెప్పేదాకా నిపుణులు సైతం ఈ మూడింటినీ ఒకే మాటతో వ్యవహరించేవారు. అవక్షేప శిలలు నేరుగా చెప్పేది కోత గురించి మాత్రమే. ఎత్తు గురించి మనం చెప్పేదంతా దాని మీద కట్టిన అంచనా. ఈ పని మొదలుపెట్టేవారు నోటుపుస్తకం మొదటి పేజీలో రాసుకోవలసిన వాక్యం నా దృష్టిలో ఇదే.

కాలానికి రెండు హద్దులు

మొదటి హద్దును ఆ ప్రాంతంలోని చివరి సముద్రపు పొర ఇస్తుంది. సముద్ర జీవుల శిలాజాలతో పొర పేరుకుంటున్నంత కాలం అక్కడ పర్వతం లేదన్నది స్పష్టమే కనుక, ఆ వరుసలో అన్నిటికన్నా చిన్న వయసున్న సముద్రపు పొర ఏదో వెతకాలి. రెండో హద్దును పర్వతం నుంచి వచ్చినట్టు రుజువు చేయగలిగిన మొదటి ఇసుక ఇస్తుంది. సిమ్లా దిగువన సుబాథు, దగ్‌షాయి, కసౌలీ ఊళ్ల పేర్లతోనే పిలిచే మూడు శిలావరుసలు ఈ రెండు హద్దులనూ చూపిస్తాయి. అడుగున ఉన్న సుబాథు పొరల్లో నమ్యులైట్లు అనే గుండ్రని బల్లపరుపు శిలాజాలున్న సముద్రపు సున్నపురాళ్లు, ఆకుపచ్చని షేల్ పొరలు ఉంటాయి. వీటిది ఇయోసీన్ కాలం (సుమారు 5.6 నుంచి 3.4 కోట్ల ఏళ్ల క్రితం). వాటిపైన పలుచని తెల్లటి క్వార్ట్జ్ ఇసుకరాయి, దానిమీద దగ్‌షాయి వరుసలోని ఎర్రని బురదరాళ్లు, నదులు పేర్చిన ఇసుకరాళ్లు వస్తాయి. కసౌలీకి చేరేసరికి రాయి బూడిదరంగుకు తిరిగి, అందులో అభ్రకం రేకులు మెరుస్తుంటాయి. సముద్రం వెనుదిరిగి నదులు వచ్చిన మార్పు ఇక్కడ చేతితో తాకి చూడగలిగినంత స్పష్టంగా ఉంటుంది. సుబాథుకూ దగ్‌షాయికీ మధ్య కోటి ఏళ్లకు పైబడిన ఖాళీ ఉందని కొందరు, పెద్ద ఖాళీ ఏమీ లేదని మరికొందరు వాదిస్తూ వచ్చారు. హద్దు గీత కంటికి కనిపించినంత మాత్రాన దాని విలువ తేలిపోదనడానికి ఇది మంచి ఉదాహరణ.

సముద్రపు శిలాజం దొరికింది కదా అని దాని వయసును పక్కనున్న ఇసుకరాయికి అంటగట్టడం ప్రమాదకరం. పాకిస్తాన్‌లోని బాలాకోట్ ఎర్రరాళ్లను, వాటి మధ్య కనిపించే సముద్రపు సున్నపురాయి పట్టీల ఆధారంగా సుమారు 5.5 కోట్ల ఏళ్లనాటివని చాలాకాలం నమ్మారు. 2001లో ఆ ఎర్రని ఇసుకరాళ్లలోని అభ్రకం రేకుల వయసు కొలిస్తే వాటిలో 3.6 నుంచి 4 కోట్ల ఏళ్ల రేకులు బయటపడ్డాయి. తనలో ఉన్న రేణువుకన్నా పొర వయసు ఎక్కువ కాలేదు కనుక, ఆ రాళ్లు 3.7 కోట్ల ఏళ్లకన్నా ఇటీవలివని తేలింది. సున్నపురాయి పట్టీలు ఎర్రపొరలతో కలిసి పేరుకున్నవి కావు, ముడతలూ భ్రంశాలూ (రాళ్లు విరిగి జారిన పగుళ్లు) వాటిని తర్వాత ఆ వరుసలోకి నెట్టాయి. కాబట్టి శిలాజమున్న పొరకు పైనా కిందా ఉన్న అంచులను వేలితో తడిమి చూడాలి. అంచు నునుపుగా గీతలు పడి ఉన్నా, రాయి పొడిపొడిగా నలిగి ఉన్నా అక్కడ కదలిక జరిగిందని అనుమానించి, ఆ శిలాజాన్ని లెక్కలోంచి తప్పించాలి.

పొరల వరుసను కొలవడం

హద్దులు దొరికాక వాటి మధ్య జరిగిన కథను పొర వెంబడి పొరగా నమోదు చేయాలి. హిమాలయాలకు ఇందుకు శివాలిక్ కొండలను మించిన చోటు లేదు. సుమారు 1.8 కోట్ల ఏళ్ల క్రితం నుంచి 10 లక్షల ఏళ్ల లోపు వరకు నదులు పేర్చిన ఈ వరుస మందం కొన్ని చోట్ల 5, 6 కిలోమీటర్లు ఉంటుంది. కింది శివాలిక్‌లో బురదరాళ్లు ఎక్కువ, మధ్య శివాలిక్‌లో మందపాటి ఇసుకరాళ్లు, పై శివాలిక్‌లో గులకరాళ్లతో నిండిన కాంగ్లోమరేట్లు; అంటే పైకి వెళ్లేకొద్దీ రేణువు పరిమాణం పెరుగుతూ పోతుంది.

సహారన్‌పుర్ నుంచి డెహ్రాడూన్ వెళ్లే దారిలో మోహండ్ దగ్గర ఈ వరుసలోని మధ్య, పై భాగాలు వాగుల అంచుల్లో బయటపడి ఉంటాయి. అక్కడి మధ్య శివాలిక్ ఇసుకరాయి ముక్కను అరచేతిలో పెట్టుకుని భూతద్దంతో చూస్తే తెల్లని క్వార్ట్జ్, పాలిపోయిన ఫెల్డ్‌స్పార్, నల్లని రాతి తునకలు, వాటి మధ్య అడ్డంగా పడుకున్న కాకిబంగారం రేకులు కనిపిస్తాయి. ఆ రేకులు లోతుల్లో వేడికి మారిన రాళ్లలోంచి వచ్చినవి. ఇసుక పేరుకునే నాటికే ఆ రాళ్లు కోతకు అందేంత పైకి వచ్చాయని వాటిని చూస్తేనే తెలుస్తుంది. ఇంకా పైకి నడిస్తే పిడికిలంత, కొన్నిచోట్ల తలకాయంత క్వార్ట్జైట్ గులకరాళ్లు ఒకదానిమీద ఒకటి ఆనుకుని నిలిచి ఉంటాయి.

వరుస మందాన్ని కొలవడానికి వాలు చూపే క్లైనోమీటర్ బిగించిన 1.5 మీటర్ల కర్ర చాలు. కర్రను పొరలకు లంబంగా పట్టుకుని, చూపు తగిలిన చోటికి ఎక్కి, మళ్లీ అక్కడి నుంచి కొలుస్తూ పోవాలి. ప్రతి పొరకూ రంగు, రేణువు పరిమాణం, అడుగు అంచు తీరు, ప్రాచీన నేలల గుర్తులు రాసుకోవాలి. వీటితోపాటు నది పారిన దిక్కును తప్పనిసరిగా కొలవాలి. చదునైన గులకరాళ్లు ప్రవాహానికి ఎదురువైపు, అంటే ఎగువకు, వాలి సర్దుకుంటాయి. ఇసుకరాయిలోని ఏటవాలు పొరలు మాత్రం దిగువకు వాలుతాయి. కొండలు ముడుచుకున్నప్పుడు పొరలు కూడా వంగాయి కనుక, కొలిచిన దిక్కులను పొర తిరిగి సమతలానికి వచ్చేలా లెక్కలో తిప్పి సరిచేయాలి. ఈ సవరణ చేయకుండా గీసిన ప్రవాహ పటాలు ఎంత అందంగా ఉన్నా విలువలేనివి. నది పర్వతం నుంచి నేరుగా దక్షిణానికి దిగిందా, లేక నేటి గంగలా పర్వతానికి సమాంతరంగా పారిందా అన్నది తెలిస్తేనే ఆ ఇసుక ఏ భాగపు కోతను చెబుతోందో చెప్పగలం.

పొరలకు తేదీలు వేయడం

నది పేర్చిన పొరల్లో సముద్రపు శిలాజాలు ఉండవు, అగ్నిపర్వత బూడిద అరుదు. బూడిద పొర దొరికితే అందులోని జిర్కాన్ అనే ఖనిజంతో నేరుగా వయసు కట్టవచ్చు. పై శివాలిక్‌లో అలాంటివి కొన్ని దొరికాయి. మిగిలిన చోట ప్రధాన ఆధారం భూ అయస్కాంత క్షేత్రం. ఆ క్షేత్రం చరిత్రలో అనేకసార్లు తలకిందులైంది. చివరిసారి తారుమారైంది సుమారు 7.8 లక్షల ఏళ్ల క్రితం. బురద పేరుకుంటున్నప్పుడు అందులోని ఇనుప ఖనిజాలు అప్పటి దిక్కును పట్టుకుని ఉండిపోతాయి.

నమూనాలను ముతక ఇసుకలోంచి కాక మెత్తని బురదరాయి, ఒండ్రురాయి పొరల నుంచి తీయాలి. రాయిని కదిపే ముందే దాని ఉత్తర దిశనూ వాలునూ దానిమీద గుర్తుపెట్టాలి. ఒక్కో చోట కనీసం మూడు ముక్కలు తీయడం మంచిది. చోటుకూ చోటుకూ మధ్య దూరాన్ని అవక్షేపం పేరుకునే వేగాన్ని బట్టి నిర్ణయించాలి. సగటున వెయ్యేళ్లకు 30 సెంటీమీటర్లు పేరుకున్న చోట 10 మీటర్లకు ఒక నమూనా అంటే సుమారు 33 వేల ఏళ్లకు ఒకటి అన్నమాట; అంతకన్నా దూరంగా తీస్తే చిన్నపాటి తారుమారులు చేజారిపోతాయి. ప్రయోగశాలలో నమూనాను అంచెలంచెలుగా వేడిచేస్తూ ప్రతి అంచెలోనూ దిక్కు కొలవాలి. నేటి క్షేత్రం తర్వాత అద్దిన ముద్ర తక్కువ వేడికే పోతుంది. హెమటైట్ మోసే అసలు ముద్రను పూర్తిగా చదవాలంటే దాదాపు 680 డిగ్రీల సెల్సియస్ దాకా పోవలసి వస్తుంది.

నేటి దిక్కున్న పొరలకు నలుపు, తలకిందులైన వాటికి తెలుపు వేస్తే వచ్చే పట్టీల వరుసను, క్షేత్రం తారుమారులను చూపే ప్రపంచ ప్రామాణిక పట్టికతో సరిపోల్చాలి. ఇక్కడే అసలు నేర్పు అవసరమవుతుంది, ఎందుకంటే ఏ వరుసనైనా కాస్త లాగి, కాస్త కుదించి పట్టికలో ఎక్కడో ఒకచోట ఇరికించవచ్చు. కనీసం ఒక్క చోటైనా స్వతంత్రమైన ఆధారంతో కట్టివేయాలి. శివాలిక్‌లో ఇందుకు రెండు విషయాలు కలిసివస్తాయి. సుమారు 1.1 కోట్ల నుంచి 1 కోటి ఏళ్ల క్రితం మధ్య క్షేత్రం దాదాపు మార్పు లేకుండా ఇప్పటి దిక్కులోనే ఉంది. ఆ పొడవైన పట్టీ ఏ వరుసలోనైనా తేలికగా గుర్తుపట్టేలా ఉంటుంది. మూడు వేళ్ల గుర్రమైన హిప్పేరియన్ పళ్లు ఈ ప్రాంతంలో తొలిసారి కనిపించేదీ ఆ కాలంలోనే, సుమారు 1.07 కోట్ల ఏళ్ల క్రితం.

రేణువుల చేత చెప్పించడం

పొర వయసు తేలాక, అందులోని రేణువులు ఎక్కడివో, ఎప్పుడు చల్లారాయో చూడాలి. రాతిని పలుచని పలకగా కోసి సూక్ష్మదర్శిని కింద కనీసం 300 రేణువులు లెక్కిస్తే క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్, రాతి తునకల పాళ్లు వస్తాయి. సాంద్రత ఎక్కువైన ద్రవంలో ఇసుకను వేసి అడుగుకు దిగిన బరువు ఖనిజాలను విడిగా తీయాలి. హిమాలయ అవక్షేపాల్లో కింది నుంచి పైకి వెళ్లేకొద్దీ గార్నెట్, స్టారోలైట్, కయనైట్ ఒకదాని తర్వాత ఒకటి ప్రవేశిస్తాయి. ఇవి క్రమంగా ఎక్కువ లోతుల్లో, ఎక్కువ వేడిలో తయారైన రాళ్లవి. లారీలోంచి బస్తాలు దించినప్పుడు పై బస్తా కొత్త గుట్టలో అడుగుకు చేరినట్టు, పర్వతంలో పైనున్న రాయి పల్లంలో అడుగుకు చేరుతుంది.

జిర్కాన్‌లోని యురేనియం ఎంత సీసంగా మారిందో చూసి కట్టే యురేనియం–సీసం వయసు రేణువు పుట్టిన చోటును చెబుతుంది. లఘు హిమాలయ ఇసుకలో 180, 190 కోట్ల ఏళ్ల జిర్కాన్లు, ఉన్నత హిమాలయ ఇసుకలో 110 కోట్లు, 50 కోట్ల ఏళ్ల ప్రాంతపువి, సింధు నది ఆవలి గ్రానైట్ల నుంచి వచ్చినవాటిలో 5 నుంచి 11 కోట్ల ఏళ్లవి ఎక్కువగా ఉంటాయి. మొత్తంలో 5 శాతానికి మించిన ఏ గుంపూ తప్పిపోలేదని 95 శాతం నమ్మకంతో చెప్పాలంటే కనీసం 117 రేణువులు కొలవాలని గణాంకశాస్త్రం చెబుతుంది. అయితే ఈ వయసు రేణువు స్ఫటికంగా మారిన కాలం మాత్రమే. అది పైకి ఎప్పుడు వచ్చిందో ఇందులో తెలియదు.

దానికోసం చల్లారిన వయసు కావాలి. ఒక్కో ఖనిజంలో ఒక్కో గడియారం, అంటే రేడియోధార్మిక క్షయం మిగిల్చే జాడ, ఒక్కో ఉష్ణోగ్రత దగ్గర నడక మొదలుపెడుతుంది. మస్కొవైట్ అభ్రకంలో ఆర్గాన్ గడియారానికి అది సుమారు 350 నుంచి 400 డిగ్రీలు, జిర్కాన్ ఫిషన్ ట్రాక్‌కు (యురేనియం పరమాణువులు చీలినప్పుడు స్ఫటికంలో పడే సన్నని గీతలకు) సుమారు 240, ఎపటైట్ ఫిషన్ ట్రాక్‌కు సుమారు 110, ఎపటైట్ హీలియంకు సుమారు 70. రేణువు చల్లారిన వయసులోంచి పొర పేరుకున్న వయసును తీసివేస్తే వచ్చేదే ఆలస్య కాలం. నదిలో ప్రయాణానికి పట్టే సమయం భూకాలమానంలో లెక్కలోకి రానంత తక్కువ కనుక, ఆ ఆలస్యమంతా రేణువు లోతు నుంచి ఉపరితలానికి రావడానికి పట్టిన కాలమే.

ఒక లెక్క వేసి చూద్దాం. కోటి ఏళ్ల క్రితం పేరుకున్న ఇసుకరాయిలో అన్నిటికన్నా తక్కువ వయసున్న జిర్కాన్ గుంపు ఫిషన్ ట్రాక్ వయసు 1.4 కోట్ల ఏళ్లనుకుందాం. ఆలస్యం 40 లక్షల ఏళ్లు. ఉపరితలం 20 డిగ్రీలు, లోతుకు వెళ్లేకొద్దీ కిలోమీటరుకు 27.5 డిగ్రీలు పెరుగుతుందనుకుంటే 240 డిగ్రీలు ఉండేది 8 కిలోమీటర్ల లోతులో. అంటే 10 లక్షల ఏళ్లకు 2 కిలోమీటర్లు, ఏడాదికి 2 మిల్లీమీటర్లు. కానీ ఇంత వేగంగా పైకి వచ్చే రాయి తన వేడిని కూడా మోసుకొస్తుంది కనుక 240 డిగ్రీల మట్టం నిజానికి ఇంకా పైకి జరిగి ఉంటుంది. నేపాల్ శివాలిక్ జిర్కాన్లలో దాదాపు 1.6 కోట్ల ఏళ్లుగా అతి తక్కువ వయసున్న గుంపు ఆలస్యం ఇంచుమించు 40 లక్షల ఏళ్లే. ఈ వేడి సవరణ చేసి కట్టిన వేగం 10 లక్షల ఏళ్లకు సుమారు 1.4 కిలోమీటర్లు. సవరణ చేసిన అంకెకూ చేయని అంకెకూ తేడా చిన్నదేమీ కాదు. మరో జాగ్రత్త ఉంది: పొర తానే 3, 4 కిలోమీటర్ల లోతున పూడిపోయి ఉంటే ఎపటైట్ గడియారం చెరిగిపోయి కొత్తగా మొదలవుతుంది. ఎపటైట్ వయసు పొర వయసుకన్నా తక్కువ వస్తే అది కోతను కాక పొర తిరిగి పైకి వచ్చిన కాలాన్ని చెబుతున్నట్టు.

వేగం పెరిగిందని ఎప్పుడు నమ్మాలి

మందాన్ని కాలంతో భాగిస్తే పేరుకున్న వేగం వస్తుంది, అది ఒక్కసారిగా పెరిగిన చోట పర్వతం లేచిందని రాసేయాలనిపిస్తుంది. తొందరపడకూడదు. బురద నొక్కుకుపోయి కుదించుకుంటుంది కనుక ముందు మందాన్ని అసలు స్థితికి తెచ్చి లెక్కించాలి. ఆపైన, ఎంత తక్కువ కాలపు వ్యవధిలో కొలిస్తే వేగం అంత ఎక్కువగా కనిపిస్తుందని పీటర్ శాడ్లర్ 1981లో చూపించాడు. పొడవైన వ్యవధుల్లో ఖాళీలు దాగి ఉండటమే దీనికి కారణం.

మన కోస్తా ఎదుటి బంగాళాఖాతం అడుగున గంగ, బ్రహ్మపుత్రలు పేర్చిన అవక్షేపపు విసనకర్ర (విసనకర్రలా పరుచుకున్న మేట) ఈ విషయంలో గొప్ప సాక్షి. 2015లో అంతర్జాతీయ సముద్రగర్భ తవ్వకాల కార్యక్రమం (IODP) 354వ యాత్ర దీన్ని 8 డిగ్రీల ఉత్తర అక్షాంశం వెంబడి ఏడు చోట్ల తవ్వింది. ఒకే చోట తవ్వితే నది కాలువ ఆ చోటు వైపు తిరిగిందా, పక్కకు జరిగిందా అన్నదే కొలుస్తామన్న భయంతోనే ఏడు చోట్ల తవ్వారు. 2016లో సుమత్రా సమీపాన నికోబార్ విసనకర్రలో సుమారు 95 లక్షల ఏళ్ల క్రితం వేగం హఠాత్తుగా పెరిగినట్టు తేలినప్పుడు, షిల్లాంగ్ పీఠభూమి లేవడం వల్లా తూర్పున పల్లపు చోటు తగ్గడం వల్లా అవక్షేపం దారి మళ్లిందని పరిశోధకులు వివరించారు. వాతావరణం కూడా ఇదే పని చేయగలదు. గత 20 నుంచి 40 లక్షల ఏళ్లలో ప్రపంచమంతటా గులకరాళ్లు పెరగడానికి మంచుయుగాలే కారణం కావచ్చునని మోల్నార్, ఇంగ్లండ్ వాదించారు. కాబట్టి పై శివాలిక్ గులకరాళ్లను మాత్రమే చూపించి హిమాలయాలు ఆ కాలంలోనే లేచాయని రాసిన వ్యాసాన్ని నేను నమ్మను.

నిజంగా లేవడానికి దగ్గరగా వచ్చే ఆధారం ముడతతోపాటు ఎదిగిన పొరలు. ముడత పక్కన కింది పొరలు నిటారుగా, పైవి క్రమంగా బల్లపరుపుగా, శిఖరం వైపు పలుచబడుతూ ఉంటే, ఆ ముడత లేస్తుండగానే అవి పేరుకున్నాయన్నమాట. అలాంటి పొరల్లో అట్టడుగుదాని వయసే ముడత ప్రారంభం.

అసలైన ఎత్తు కావాలంటే పొరల్లోని ఆక్సిజన్‌ను కొలవాలి. మేఘం పైకి ఎక్కేకొద్దీ ఆక్సిజన్‌లోని బరువైన రకాన్ని (ఆక్సిజన్-18 ఐసోటోప్‌ను) ముందు కురిపించేస్తుంది కనుక, ఎత్తైన చోటి వానలో అది కిలోమీటరుకు స్థూలంగా వెయ్యికి 2.8 పాళ్లు తగ్గుతుంది. ప్రాచీన సరస్సుల సున్నపు పొరలు ఆ నీటి జాడను దాచుకుంటాయి. టిబెట్‌లోని లున్‌పోలా పల్లంలో ఈ పద్ధతితో 2006లో, 3.5 కోట్ల ఏళ్ల క్రితమే ఆ ప్రాంతం 4 కిలోమీటర్లకు పైగా ఎత్తులో ఉందని లెక్కించారు. 2019లో అదే పల్లంలో సుమారు 2.5 కోట్ల ఏళ్లనాటి తాటిజాతి ఆకు శిలాజం బయటపడింది. గడ్డకట్టే చలిని ఆ జాతి తట్టుకోలేదు కనుక పల్లం అడుగు 2.3 కిలోమీటర్లకు మించి ఉండదని తేల్చారు. చుట్టూ ఉన్న ఎత్తైన శ్రేణుల మీద కురిసిన నీరు సరస్సులోకి చేరితే సున్నపు పొర ఆ శ్రేణుల ఎత్తును చెబుతుంది, ఆకు మాత్రం తాను మొలిచిన లోయ ఎత్తును చెబుతుంది. అందువల్ల ఇలాంటి ఫలితాన్ని నమోదు చేసేటప్పుడు అంకె పక్కన ఆ ఎత్తు లోయ అడుగుదా, చుట్టుపక్కల శ్రేణిదా అన్నది, ఏ ఖనిజం మీద, ఏ ఉష్ణోగ్రత లేదా ఏ వాలు అంచనాతో వచ్చిందన్నది, పొర వయసులో ఎంత అనిశ్చితి ఉందన్నది తప్పనిసరిగా రాయాలి.